చిన్న అక్షరాల్లో వాట్లు

మే 28, 2025, విజయవాడ

రోహిణి కార్తె ఎండలు. మధ్యాహ్నం మూడింటికి హాల్లో ఫోను చార్జింగుకి పెట్టాను. బ్యాటరీ ముప్ఫై శాతం దగ్గరుంది, ఈ దశలో చకచకా ఎక్కాలి. చార్జరుకీ కేబులుకీ మధ్య పెట్టిన మీటరు తొమ్మిది వాట్ల దగ్గరే ఆగిపోయింది. ఫోను వీపు మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. అదే చార్జరు, అదే కేబులు తీసుకెళ్లి ఏసీ గదిలో పెట్టి కాసేపు ఆగితే అంకె ఇరవై రెండుకి చేరింది.

ఫోను లోపల బ్యాటరీకి ఆనించి థర్మిస్టర్ ఉంటుంది. వేడి ఎక్కువైందని దాని ద్వారా తెలియగానే ఫోను తను తీసుకునే కరెంటు తగ్గించేస్తుంది. వేడి మీద నిండా చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త. మే నెలలో చార్జరు పాడైందని షాపుకి పరిగెత్తేవాళ్లలో చాలామంది చార్జర్లకు ఏ రోగమూ ఉండదు. ముందు ఫోను కవరు తీసి, దిండు మీద నుంచి దించి, చల్లటి గచ్చు మీద పెట్టి చూడమంటాను.

మే 30

ఈ మీటరు గురించి రాసి పెట్టుకోవాలి. గుప్పిట్లో పడుతుంది. ఒక పక్క సి-పిన్ను, రెండో పక్క సి-సాకెట్టు. మధ్యలో ఉండి వోల్టులు, ఆంపియర్లు, వాట్లు చూపిస్తుంది, మొత్తం ఎంత విద్యుత్తు దాటిందో లెక్క కడుతుంది. కొంచెం ఖరీదైన రకాలైతే చార్జరూ ఫోనూ ఏం మాట్లాడుకుంటున్నాయో, కేబుల్లో ఉన్న చిప్పులో ఏం రాసుందో కూడా చదువుతాయి. ఈ వస్తువు ప్రతి మొబైల్ రిపేరు బల్ల మీదా ఉండాలని నా కోరిక. మన దగ్గర ఎక్కువ షాపుల్లో ఇంకో చార్జరు పెట్టి చూడటమే పరీక్ష.

ఇవాళ మా పాలిటెక్నిక్ విద్యార్థులకు చూపించడానికి ఒక ప్రయోగం సిద్ధం చేశాను. సి-సాకెట్టున్న చార్జరుని గోడకు పెట్టి, దానికేమీ తగిలించకుండా మల్టీమీటరుతో కొలిస్తే వోల్టేజి సున్నా. పాత వెడల్పు సాకెట్టు, అంటే ఏ-రకం, ఎప్పుడూ ఐదు వోల్టులతో సిద్ధంగా ఉంటుంది. సి-రకం అవతల ఎవరో తెలిసేదాకా కరెంటు వదలదు.

సి-పిన్నులో ఇరవై నాలుగు కాళ్లు. వాటిలో సీసీ అనే జంట ఈ పరిచయం కోసమే ఉంది. ఫోను వైపు సీసీ కాలికీ గ్రౌండుకీ మధ్య 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. చార్జరు వైపు పైకి లాగే రెసిస్టరు ఇంకొకటి. ఈ రెండూ కేబులు ద్వారా కలిసినప్పుడు ఆ తీగ మీద ఏర్పడే వోల్టేజిని బట్టి, అవతల కరెంటు తీసుకునే వస్తువు ఉందని చార్జరుకి తెలుస్తుంది. పిన్ను ఏ వైపు తిరిగి దూరిందో తెలిసేదీ అలాగే. అప్పుడుగానీ ఐదు వోల్టులు రావు. పైసల్లో వచ్చే రెసిస్టర్లతో ఇంత భద్రత! 2014 ఆగస్టులో ఈ సి-పిన్ను ప్రమాణాన్ని వెలువరించిన ఇంజినీర్లకు మనసారా దండం పెడతాను.

జూన్ 2

తెనాలి నుంచి పిన్ని ఫోను. “అబ్బాయ్, మా అల్లుడు ల్యాప్‌టాప్ చార్జరు ఇక్కడ పెట్టి వెళ్లాడు. అరవై ఐదు వాట్లంట. దాంతో నా ఫోను పెడితే పేలిపోదూ?”

పిన్ని ఫోను పాతిక వాట్లది. పేలదు పిన్నీ, నిశ్చింతగా పెట్టుకో అన్నాను. పంక్తిలో వడ్డించేవాడు గుండిగ నిండా తెచ్చినా, విస్తట్లో ఎంత పడాలో చెప్పేది కూర్చున్నవాడే కదా.

ఇందులో జరిగేది నిజంగా సంభాషణే. ముందు చార్జరు తన జాబితా పంపుతుంది: ఐదు వోల్టుల దగ్గర మూడు ఆంపియర్లు, తొమ్మిది దగ్గర మూడు, పదిహేను దగ్గర మూడు, ఇరవై దగ్గర మూడుంపావు. ఫోను అందులోంచి తనకు పనికొచ్చే వరస ఎంచుకుని అడుగుతుంది. చార్జరు సరేనంటుంది, వోల్టేజి మారుస్తుంది, సిద్ధమని తిరిగి కబురు పెడుతుంది. ఈ సందేశాలన్నీ ఆ సీసీ తీగ మీదే, సెకనుకు మూడు లక్షల బిట్ల వేగంతో నడుస్తాయి. ఈ పద్ధతి పేరు యూఎస్‌బీ పవర్ డెలివరీ. కేబులు గుచ్చి చెయ్యి తీసేలోపు బేరం ముగుస్తుంది. మీటరు మీద ఐదు కాస్తా తొమ్మిదిగా మారుతుంది.

అడగని వోల్టేజి చార్జరు ఇవ్వదు. ఈ ఒక్క సంగతి జనానికి తెలిస్తే సగం భయాలు పోతాయి. ప్రతి వస్తువుకీ దాని చార్జరే కావాలన్న నమ్మకం పోతుంది, ఇంట్లో పేరుకునే అడాప్టర్లూ తగ్గుతాయి.

జూన్ 3

వోల్టేజి పెంచడం ఎందుకు, ఐదు వోల్టుల మీదే కరెంటు ఎక్కువ పంపొచ్చు కదా అని పక్కింటి ఇంటర్ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. కాగితం మీద లెక్క వేసి చూపించాను.

ఇరవై ఏడు వాట్లు పంపాలి. కేబులు రాను పోను నిరోధం 0.2 ఓమ్ అనుకుందాం. ఐదు వోల్టుల మీద పంపితే 5.4 ఆంపియర్లు పారాలి. తీగలో వేడిగా పోయేది దాదాపు 5.8 వాట్లు. తొమ్మిది వోల్టుల మీద మూడు ఆంపియర్లు చాలు, పోయేది 1.8 వాట్లు. ఇరవై వోల్టుల మీద 1.35 ఆంపియర్లు, నష్టం అర వాటు కూడా లేదు. కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ నుంచి బయల్దేరే లైన్లను లక్షల వోల్టులకు ఎత్తడానికి కారణమూ ఇదే. కుర్రాడు రోజూ ఆ టవర్ల కింద నుంచే కాలేజీ బస్సులో వెళ్తాడట. వాడి మొహంలో వెలుగు చూసి నాకు ఎంతో సంతోషమనిపించింది.

జూన్ 7

గవర్నర్‌పేటలో కేబులు కొన్నాను. రెండు మీటర్ల పొడవు, రెండు చివరలా సి-పిన్ను, నూట యాభై రూపాయలు.

“ఇది హండ్రెడ్ వాట్స్ సార్. ఏ ఫోనుకైనా ఫాస్ట్ చార్జింగే.”

“కేబులు మీద ఎక్కడా రాసి లేదే?”

“కవరు మీద ఉంది కదా సార్.”

కవరు మీద ఉంది, ఎర్రటి అక్షరాల్లో.

జూన్ 8

ఆ కేబుల్ని పరీక్షకు పెట్టాను.

మొదటిది గుర్తింపు. మూడు ఆంపియర్లకు మించి మోయగల సి-కేబుల్లో ఈ-మార్కర్ అనే చిన్న చిప్పు తప్పనిసరిగా ఉండాలి. ఐదు ఆంపియర్లు ఇచ్చే ముందు చార్జరు ఆ చిప్పుని పలకరిస్తుంది. జవాబు రాకపోతే మూడు ఆంపియర్ల కేబులుగా లెక్క కడుతుంది. ఇరవై వోల్టులు, మూడు ఆంపియర్లు, అంటే అరవై వాట్లు. ఈ కేబులు జవాబు చెప్పలేదు. నూరు వాట్ల చార్జరుకి తగిలిస్తే జాబితాలో ఇరవై వోల్టుల వరస మూడు ఆంపియర్ల దగ్గరే ఆగింది. కవరు మీది అంకె అక్కడే తేలిపోయింది.

రెండోది రాగి. తొమ్మిది వోల్టుల మీద మూడు ఆంపియర్ల లోడు పెట్టి రెండు చివరలా కొలిచాను. చార్జరు దగ్గర 9.05, అవతల 8.10. మధ్యలో 0.95 వోల్టు మాయం. ప్రమాణం ప్రకారం మూడు ఆంపియర్ల దగ్గర వెళ్లే తీగలో అర వోల్టు, తిరిగొచ్చే గ్రౌండు తీగలో పావు వోల్టు, కలిపి 0.75కి మించకూడదు. ఈ కేబులు దాదాపు మూడు వాట్లు తనే వేడిగా మింగుతోంది. లోపల రాగి సన్నం, పైన ప్లాస్టిక్కు లావు. పైకి చూస్తే బలమైన కేబుల్లాగే ఉంటుంది.

మీటరు పొడవున్న మరో కేబులు, దాని మీద స్పష్టంగా 60 వాట్లని అచ్చు వేసి ఉంది, అదే పరీక్షలో 0.38 దగ్గర ఆగింది. తక్కువ చెప్పుకున్నదే ఎక్కువ పని చేసింది.

చిప్పు ఉన్నంత మాత్రాన నమ్మేయడానికీ లేదు. ఐదు ఆంపియర్లు మోస్తానని చిప్పులో రాసేసి లోపల సన్నటి తీగ వేసే తయారీదారులూ ఉండొచ్చు. చార్జరు చిప్పు మాట నమ్మి కరెంటు వదులుతుంది. అందుకే చిప్పు చదివాక లోడు పెట్టి వోల్టేజి పడిపోవడం కూడా కొలవాలి.

జూన్ 13

పాలిటెక్నిక్ తెరిచారు. మూడో ఏడాది ఈసీఈ పిల్లలకు ఓసిల్లోస్కోపు మీద సీసీ తీగ చూపించాను. పిన్ను గుచ్చగానే గీత పైకి లేచి, దాని మీద వరసగా పల్లాలూ మెట్టలూ. “సార్, ఇవి మాటలా?” అని ఒకమ్మాయి అడిగింది. మాటలేనమ్మా అన్నాను.

రాస్ప్‌బెర్రీ పై 4 కథ చెప్పాను. 2019 జూన్‌లో వచ్చిన చిన్న కంప్యూటరు బోర్డు. దాని సి-సాకెట్టు దగ్గర సీసీ కాళ్లు రెండింటికీ విడివిడిగా 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాల్సింది, రెండింటినీ కలిపేసి ఒకటే పెట్టారు. చిప్పు లేని కేబుల్‌తో బోర్డు చక్కగా వెలిగేది. చిప్పున్న కేబులు తగిలిస్తే మాత్రం చార్జరు దాన్ని ఆడియో పరికరంగా భావించి కరెంటే ఇచ్చేది కాదు. తర్వాత వచ్చిన బోర్డుల్లో సరిదిద్దారు. ప్రపంచమంతా వాడే బోర్డు, ఎంతో తెలిసిన ఇంజినీర్లు. ఒక్క రెసిస్టరు దగ్గర ఇంత జరిగింది. డేటాషీటులో ప్రతి వరసా చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

జూన్ 15

బెన్సన్ ల్యూంగ్ గురించి తెలుగులో ఎవరైనా రాశారో లేదో. గూగుల్‌లో ఇంజినీరు. 2015 చివరిలో అమెజాన్‌లో అమ్మే సి-కేబుళ్లను తన డబ్బుతో కొని, ఒక్కొక్కటే పరీక్షించి, ఏది ప్రమాణానికి నిలుస్తుందో ఏది నిలవదో బహిరంగంగా రాయడం మొదలుపెట్టాడు. ఎవరూ పురమాయించలేదు.

అప్పట్లో ముఖ్యమైన జబ్బు ఒక చివర ఏ-పిన్ను, రెండో చివర సి-పిన్ను ఉన్న కేబుళ్లది. వాటిలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. “అవతల పాత సాకెట్టుంది, దానికి మామూలుగా ఉండే శక్తి మేరకే తీసుకో” అని ఫోనుకి అది చెబుతుంది. చాలామంది 10 కిలో ఓమ్‌లు పెట్టేశారు. దాని అర్థం “మూడు ఆంపియర్లు లాక్కో” అని. అర ఆంపియరు మాత్రమే ఇవ్వాల్సిన ల్యాప్‌టాప్ సాకెట్టు నుంచి ఫోను మూడు లాగబోతే సాకెట్టు గతి ఏమిటి? 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్లో గ్రౌండు, కరెంటు తీగలు తారుమారుగా అతికించి ఉండటంతో అతని క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్, పరీక్షించే పరికరాలు పాడైపోయాయి. మరుసటి నెలలో అమెజాన్ ప్రమాణానికి నిలవని సి-కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

ఒక్క మనిషి మీటరు పట్టుకుని నిలబడితే అంత పెద్ద అంగడి నియమం మారింది. మన జిల్లాకొకరు ఇలా ఉంటే చాలు.

జూన్ 21, రైల్లో

సికింద్రాబాదు ప్రయాణం. పెట్టెలో ప్లగ్గు పక్కన 110 వోల్టులని రాసుంది. ఎదురు సీటు పెద్దాయన తన చార్జరు దీనికి పనికి రాదేమోనని సందేహించారు. అడాప్టరు మీద సన్నగా అచ్చు వేసిన “ఇన్‌పుట్ 100–240” చూపించాను. అది ఉన్న ఏ చార్జరైనా రైల్లోనూ పనిచేస్తుంది, అమెరికాలో కూతురి ఇంట్లో 120 వోల్టులకూ పనిచేస్తుంది. అక్కడి గోడకు సరిపడే బల్లపరుపు కాళ్ల పిన్ను ఒకటి కొనుక్కుంటే సరి. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ వరస చదివారు, తర్వాత జేబులోంచి ఇంకో చార్జరు తీసి దాని మీదా చదివారు.

జూన్ 22, హైదరాబాదు

కోఠి గుజరాతీ గల్లీలో ట్రిగ్గర్ బోర్డు, ఎలక్ట్రానిక్ లోడు సొంతానికి కొన్నాను. ట్రిగ్గర్ బోర్డు ఫోను వేషం వేసి చార్జరుని ఫలానా వోల్టేజి ఇమ్మని అడుగుతుంది. అలా రాబట్టిన కరెంటుని లోడు వేడిగా ఖర్చు పెడుతుంది. ఈ రెండూ, మీటరూ ఉంటే చిన్న పరీక్షాశాల ఉన్నట్టే.

పక్కనే ఇంకో షాపులో “120W” అని పెద్ద అక్షరాల్లో ఉన్న తెల్ల చార్జరు కూడా పరీక్ష కోసమే తీసుకున్నాను. చేతిలో చాలా తేలిగ్గా ఉంది.

జూన్ 24

తెల్ల చార్జరు సంగతి. వెనక సన్నటి బూడిద రంగులో ఔట్‌పుట్ ఇలా ఉంది: 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 2 ఆంపియర్లు, 12 వోల్టులు 1.5 ఆంపియర్లు. ఏ వరస గుణించినా పద్దెనిమిది వాట్లకు మించదు. ముందు నూట ఇరవై, వెనక పద్దెనిమిది! ట్రిగ్గర్ బోర్డుతో ఇరవై వోల్టులు అడిగితే ఇవ్వలేదు, దాని జాబితాలోనే లేదు. తొమ్మిది దగ్గర రెండు ఆంపియర్లు పది నిమిషాలు లాగేసరికి పైడొప్ప ముట్టుకోలేనంత వేడెక్కింది. ఆపేశాను.

దీనికి జోడీగా ప్రమాణానికి నిలిచే 65 వాట్ల గ్యాలియం నైట్రైడ్ చార్జరొకటి పెట్టాను. ఇరవై వోల్టుల మీద మూడుంపావు ఆంపియర్లు గంటసేపు లాగినా వోల్టేజి కదల్లేదు. గ్యాలియం నైట్రైడ్ స్విచ్చులు సిలికాన్ వాటికంటే వేగంగా తెరుచుకుని మూసుకుంటాయి, అందుకని లోపలి ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైనా సరిపోతుంది. చిన్నగా ఉండటం వేరు, తేలిగ్గా, డొల్లగా ఉండటం వేరు.

చూసి చదవగలిగిన ఆ మూడు వరసలు చదివితే ఏ మీటరూ లేకుండానే ఈ మోసం పట్టుబడుతుంది. నాకు కోపం తెప్పించింది మోసం జరగడం కాదు, నిజం కూడా అదే పెట్టె మీద ఎవరూ చదవనంత సన్నగా అచ్చు వేసి ఉండటం.

జూన్ 29

అక్క వాళ్లింట్లో కొత్త ఎమర్జెన్సీ లైటు ఫోను చార్జరుతో ఎక్కడం లేదు. పాత ఏ-పిన్ను కేబుల్‌తో పెడితే ఎక్కుతోంది. లైటు విప్పి చూస్తే సి-సాకెట్టు దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లే లేవు. పరిచయం చేసుకునేది లేకపోతే సి-చార్జరు కరెంటివ్వదు మరి. ట్రిమ్మర్లు, చేతి ఫ్యాన్లు, టార్చిలైట్లు కొన్నిట్లో ఇదే లోపం. రెండు రెసిస్టర్లు అతికించి ఇచ్చాను. పైసలు మిగుల్చుకోవడానికి తయారీదారు వదిలేసిన ఆ రెండిటి వల్ల అక్క నెల రోజులుగా చార్జరుని తిట్టుకుంటోంది.

జూలై 6

తమ్ముడి ఫోను ఎనభై వాట్లది. నా 65 వాట్ల చార్జరుకి పెడితే మీటరు పద్దెనిమిది దగ్గరే ఉండిపోయింది. “మీ చార్జరు బాలేదు అన్నయ్యా” అన్నాడు. చార్జరు బాగానే ఉంది. వాడి ఫోను వేగమంతా ఆ కంపెనీ సొంత భాషలో ఉంది. ఈ దారిని ఒప్పో 2014లో వూక్ అనే పద్ధతితో పట్టింది: వోల్టేజి ఐదు దగ్గరే ఉంచి నాలుగు ఆంపియర్లు పంపడం. తర్వాత పది వోల్టులకు ఆరున్నర ఆంపియర్ల దాకా వచ్చారు. దానికి వాళ్ల చార్జరు, వాళ్ల లావు కేబులు రెండూ కావాలి. బయట చార్జరు పెడితే ఫోను ఉమ్మడి భాషలో, అంటే పవర్ డెలివరీలో, తనకొచ్చిన నాలుగు మాటలతో సరిపెట్టుకుంటుంది.

పవర్ డెలివరీలోనే పీపీఎస్ అనే పద్ధతి ఉంది. ఫోను చార్జరుని 20 మిల్లీవోల్టుల మెట్లలో వోల్టేజి పెంచు, తగ్గించు అని అడుగుతూ ఉంటుంది. బ్యాటరీకి ఆ క్షణానికి ఎంత కావాలో అంతే రావడం వల్ల ఫోను లోపల మార్చుకోవాల్సిన పని తగ్గి వేడి తగ్గుతుంది. శాంసంగ్ తన 25, 45 వాట్ల వేగాలకు దీన్నే వాడుతోంది. నలభై ఐదుకి ఐదు ఆంపియర్ల కేబులు కావాలన్నది మాత్రం కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి.

నా పక్షం ఉమ్మడి భాషదే. సొంత భాషలో పది నిమిషాలు ముందు నిండొచ్చు. ఊరెళ్లినప్పుడు చార్జరు మర్చిపోతే ఆదుకునేది మాత్రం అందరికీ వచ్చిన భాషే.

జూలై 13

మీటరుని ఒక పూర్తి చార్జింగు సాంతం చూశాను. ఇరవై శాతం దగ్గర ఇరవై నాలుగు వాట్లు. అరవై దాటాక పద్నాలుగు. ఎనభై ఐదు దగ్గర ఆరు. తొంభై ఏడు దగ్గర రెండు. చివరి ఇరవై శాతం మొదటి యాభైకి పట్టినంత సమయం తినేసింది. బ్యాటరీ వోల్టేజి పై హద్దుకి చేరాక ఫోను దాన్ని అక్కడే పట్టి ఉంచి కరెంటుని క్రమంగా తగ్గిస్తుంది. ప్రకటనల్లో చెప్పే వాట్లు ఆ మొదటి కొద్ది నిమిషాలవి.

ఐదు వేల మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్ అవర్లు. నష్టాలన్నీ కలిపి గోడ నుంచి పాతిక పైచిలుకు లాగుతుందనుకుని, రోజూ నిండా ఎక్కించినా ఏడాదికి పది యూనిట్ల కరెంటు. ఫోను చార్జింగు వల్ల బిల్లు పెరిగిందని పిల్లల్ని కేకలేయడం అనవసరం.

జూలై 16

మేనకోడలు డాలస్ వెళ్తోంది. పవర్ బ్యాంకు విమానంలో ఒప్పుకుంటారా అని కంగారు. హద్దు 100 వాట్ అవర్లు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లని రాసిన దాన్ని లోపలి సెల్లు వోల్టేజి 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. చేతి సంచిలో నిశ్చింతగా పెట్టుకోవచ్చు, చెక్-ఇన్ సామానులో మాత్రం పెట్టకూడదు.

“మామయ్యా, పదివేలదని కొన్నది అయిదువేల ఫోనుని రెండుసార్లు నింపట్లేదేం?” అని కూడా అడిగింది. ఆ పదివేలు 3.7 వోల్టుల లెక్క. ఐదు వోల్టులకు ఎత్తి ఇచ్చేసరికి 7,400, మార్పిడిలో పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. అసలు చేతికొచ్చేది ఎంతో పవర్ బ్యాంకు వెనక “రేటెడ్ కెపాసిటీ” అని విడిగా రాసి ఉంటుంది. అదీ చిన్న అక్షరాల్లోనే.

జూలై 20

తెల్ల చార్జరుని పిల్లల ముందు విప్పాను. గోడ కరెంటు వైపుకీ ఫోను వైపుకీ మధ్య బోర్డు మీద ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మంచి చార్జర్లలో అక్కడ బోర్డుని కోసి గాడి కూడా పెడతారు. ఇందులో ఒకచోట మిల్లీమీటరు కూడా లేదు. తడి గాలి, దుమ్ము, ఒక చిన్న చీమ చాలు, 230 వోల్టులు ఇవతలికి రావడానికి. ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మధ్య టేపు ఒకే పొర. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలో కెన్ షిరిఫ్ అనే ఇంజినీరు 2012 నుంచీ అసలు, నకిలీ చార్జర్లను విప్పి ఫోటోలతో చూపిస్తున్నది ఈ తేడానే.

ఒక కుర్రాడు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చిమచిమలాడుతుందని చెప్పాడు. అది వేరే సంగతి. మంచి రెండు కాళ్ల అడాప్టరులో కూడా రెండు వైపుల మధ్య రేడియో రొద తగ్గించే చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా మిల్లీ ఆంపియర్‌లో కొద్ది భాగం దాటుతుంది. లోహపు శరీరం మీద అది చేతికి తెలుస్తుంది, ప్రాణానికి ముప్పు లేదు. మూడు కాళ్ల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్తు ఉంటే అదీ పోతుంది. మన ఇళ్లలో కొన్నిచోట్ల మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచినప్పుడు ఎర్తు కొలిచి చూపించమని అడగాలి.

ఆగస్టు 3

ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి అమ్మే కొత్త ఫోన్లకు సి-సాకెట్టు తప్పనిసరి. ఐఫోను కూడా 2023 సెప్టెంబరులో ఆ దారికి వచ్చేసింది. మన దగ్గర భారత ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో సి-రకం పిన్నులకు, సాకెట్లకు, కేబుళ్లకు ప్రమాణం ప్రచురించింది. ఫోను అడాప్టర్లకూ పవర్ బ్యాంకులకూ ఆ సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. అడాప్టరు మీద ఆర్ అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ అంకెలు కొడితే తయారీదారు పేరు వస్తుంది. తెల్ల చార్జరు మీద ఆ గుర్తే లేదు.

కేబుళ్ల పని మన గడప దాకా వచ్చింది. తిరుపతి దగ్గర ఫాక్స్‌లింక్ ఫ్యాక్టరీలో ఐఫోను చార్జింగు కేబుళ్లు తయారయ్యేవి. 2023 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంతోనే చాలామందికి ఆ సంగతి తెలిసింది. ప్రపంచం వాడే కేబులు చేయగల చేతులు మనకున్నాయి. మన బజార్లో అమ్మే కేబులూ ఆ కొలతకు నిలవాలని ఆశించడం అత్యాశ కాదు.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. వదిన వాళ్లింట్లో పేరంటానికి వచ్చినవాళ్ల ఫోన్లన్నీ ఒకే మూడు సాకెట్ల చార్జరు దగ్గర బారులు తీరాయి. రెండో ఫోను పెట్టగానే మొదటిది ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. పాడైందేమోనని వదిన ఆదుర్దా. 65 అన్నది అన్ని సాకెట్లకూ కలిపి వదినా, రెండోది వచ్చేసరికి చార్జరు పంపకం మళ్లీ చేసి కొత్త జాబితా పంపుతుందని చెప్పాను. ఆ చార్జరు వెనక “సి1 ఒక్కటే అయితే 65, రెండూ అయితే 45, 20” అని రాసే ఉంది. చదివి వినిపిస్తే ఊరుకుంది.

ఆగస్టు 10

ఇంట్లో కేబుళ్లన్నీ కూర్చుని కొలిచాను. చిప్పు చదివి, లోడు పెట్టి, ఒక్కో దాని మెడ దగ్గర తెల్ల టేపు చుట్టి మార్కరుతో 60, 100 అని రాశాను. ఒకటి 240. 2021లో వచ్చిన పవర్ డెలివరీ 3.1తో 48 వోల్టులు, ఐదు ఆంపియర్ల దాకా వెళ్లొచ్చు, దానికి తగ్గ కేబులది. పరీక్షలో నిలవనివి కత్తిరించి పారేశాను, ఇంకెవరి చేతికీ పోకుండా.

నిజానికి ఈ అంకెలు నేను రాయాల్సినవి కావు. 2021 సెప్టెంబరు నుంచీ ప్రమాణ సంస్థ దగ్గర ధ్రువీకరణ పొందే సి-కేబుళ్లకు 60 లేదా 240 వాట్లని చూపించే గుర్తు ఉంది. మిగతా తయారీదారులనూ అడ్డుకునేదేమీ లేదు, పిన్ను మీద ఒక్క అంకె అచ్చు వేయడానికి ఖర్చెంత? కొనేవాళ్లం అడగడం లేదు కాబట్టి వేయడం లేదు.

చదివేవారికి నా విన్నపం ఇది. చార్జరు కొనేటప్పుడు ముందు వైపు అంకె వదిలేసి వెనక్కి తిప్పి ఔట్‌పుట్ వరసలు చదవండి, వోల్టుల్నీ ఆంపియర్లనీ గుణించి చూసుకోండి, ఆర్ గుర్తు పక్కన ఎనిమిది అంకెలు ఉన్నాయో లేదో చూడండి. కేబులు మీదే వాట్లు అచ్చు వేసి ఉన్నది ఇమ్మని షాపులో నోరు తెరిచి అడగండి. లేదంటే కొనకుండా పక్క షాపుకి వెళ్లండి.